దేశం దాటిన బీడీ పైసలు

కోరుట్ల,
12 డిసెంబరు 2024.

మా ఆడిబిడ్డ కల్పనకు,

ఇక్కడ అందరం బాగున్నాం. సిరిసిల్లలో మీరూ బాగున్నారనుకుంటాను. చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటున్నావేమో. నీకు ఫోను చేస్తే చాలు, మీ అమ్మ మల్లవ్వ వచ్చి పక్కన కూర్చుంటుంది. "స్పీకర్ పెట్టు బిడ్డా, నేను గూడ ఇంట" అంటుంది. స్పీకరు పెడితే ఎదురింటి వాళ్లు కూడా వింటారు. అత్తమ్మకు చదువు రాదు కాబట్టి గుట్టు మాటలకు నాకు ఉత్తరమే దిక్కు.

బీడీలు చుట్టడం మానేశాను. మెడ నొప్పి చూసి డాక్టరు ఇక చాట ముందు కూర్చోవద్దన్నాడు. మొన్న పీఎఫ్ డబ్బు ఖాతాలో పడింది. నా కూలిలోంచి నువ్వు పదేళ్లుగా నెలనెలా మన దేశం కంపెనీల ఫండ్లలో పెట్టిస్తున్నది ఎలాగూ ఉంది. కానీ దసరా దగ్గరి నుంచి అది దిగుతూనే ఉంది. అభినవ్ ఫోనులో చూపిస్తే అంతా ఎరుపే. నా కొడుకు ఇళ్లమీద సోలార్ పలకలు బిగిస్తూ ధైర్యంగా తిరుగుతాడు గాని, ఆ ఎరుపు చూసి వాడికీ దడే.

అసలు సంగతికి వస్తాను. మార్చిలో మీ అన్న కాంట్రాక్టు అయిపోతుంది. అభినవ్ పాలు తాగే పిల్లవాడిగా ఉన్నప్పుడు మస్కట్ పోయిన మనిషి, ప్రతిసారీ ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ అక్కడే ఉండిపోయాడు. ఈసారి తనంతట తనే అన్నాడు, "ఇల్లు గడుస్తదని నమ్మకం జెప్పు, అస్త" అని. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఆయనకు నమ్మకం చెప్పాలంటే ముందు నాకు ఉండాలి కదా. ఆయన నమ్మేది ప్లాట్లను ఒక్కటే, షేర్లంటే సట్టా, జూదం అంటాడు. నా బీడీల డబ్బు నీ ద్వారా పోస్టాఫీసులో ఉందనుకుంటున్నాడు. లెక్క కుదిరాక నేనే చెప్తాను, నువ్వు మాత్రం నోరు జారకు.

ఈ డబ్బును ఎట్లా సర్దితే మీ అన్న ఇంటికి రావచ్చో చెప్పు.

ఇట్లు,
భారమంతా నీ మీద వేసిన వదిన,
ఊర్మిల.

సిరిసిల్ల,
21 డిసెంబరు 2024.

వదినకు నమస్కారాలు.

ఉత్తరం మా గార్మెంట్స్ ఆఫీసుకు వచ్చింది. నేను లెక్కలు రాసుకుంటుంటే కుట్టు సెక్షన్ ఆడవాళ్లంతా చుట్టూ చేరి ఎవరు రాశారని ఒకటే ఆరా. మా వదిన అంటే నమ్మరే. ఈ కాలంలో ఉత్తరాలు రాసుకునే వదినా మరదళ్లు ఉంటారా అని వాళ్ల అనుమానం.

అన్న వస్తానన్నాడన్న వాక్యం నేను రెండుసార్లు చదివాను వదినా. ఇక జాగ్రత్తగా విను.

మా వీధి సంగతి నీకు తెలుసు. ఆర్డర్లు ఉంటే మరమగ్గాల సాంచాలు తెల్లవార్లూ నడుస్తాయి. ఆర్డర్లు ఆగితే సాంచాలు ఆగుతాయి. అవి ఆగిన వారానికి చాయ్ హోటలు ఖాళీ, ఆ తర్వాత కిరాణం, ఆ తర్వాత ఆటోవాళ్లు. వేర్వేరు వ్యాపారాలే, కానీ అన్నీ ఒక్క చప్పుడు మీద బతుకుతున్నాయి. నీ ఫండ్లూ అంతే. బ్యాంకులు, సిమెంటు, మందులు అని రకరకాలుగా కనబడతాయి, కానీ అన్నీ మన దేశంలోవే. ఇక్కడ గాలి తిరిగితే అన్నీ కలిసి దిగుతాయి.

ఇన్నేళ్లు మన ఇంటికి దేశం బయట ఉన్నది అన్న ఒక్కడే. ఇక్కడ పసుపు ధర పడినా, వానలు మొఖం చాటేసినా ఆయన జీతం ఆగలేదు. రూపాయి విలువ తగ్గిన ఏడాది ఆయన పంపింది మనకు ఇంకొంచెం ఎక్కువే అయింది. ఇప్పుడు అన్న వచ్చేస్తే మనకు బయట ఏమీ మిగలదు. అందుకని నేను ఆలోచించింది ఇది. ఇన్నాళ్లు మనిషిని పంపి డబ్బు తెప్పించుకున్నాం, ఇకమీదట కొంచెం డబ్బును పంపి మనిషిని తెప్పించుకుందాం.

అమెరికాలోని పెద్ద టెక్నాలజీ కంపెనీలన్నీ కలిపిన ఫండు ఒకటి ఉంది. మన ఫోన్లలో నడిచేవి, కంప్యూటర్లలో చిప్పులు చేసేవి, అన్నీ అందులో ఉంటాయి. అట్లాంటి కంపెనీలు మన దగ్గర లేవు. నీ డబ్బు పది పాళ్లనుకుంటే అందులో రెండు పాళ్లు అక్కడ పెడదాం, అంతకు మించి వద్దు. అవి కూడా పడతాయి వదినా, పడితే గట్టిగానే పడతాయి. ఏడెనిమిదేళ్లు ముట్టుకోనక్కరలేని డబ్బయితేనే అక్కడికి పోవాలి. పీఎఫ్ డబ్బు చాలావరకు డిపాజిట్ చేద్దాం, అన్న వచ్చాక నెల ఖర్చు దాంట్లోంచి వస్తుంది. పొలం, అభినవ్ సంపాదన ఉండనే ఉన్నాయి. ఇల్లు గడుస్తుంది. ఈ మాట నేను లెక్క వేసి చెప్తున్నాను, నీ మనసు కోసం కాదు.

డబ్బు బయటికి పంపే పని కోరుట్ల బ్రాంచిలో చేయరట, జగిత్యాల పోవాలి. అభినవ్‌ను వెంట తీసుకుపో. ఎందుకు పంపుతున్నారని ఫారంలో అడుగుతారు, విదేశీ షేర్లలో పెట్టుబడి అని రాయి. అన్నకు మాత్రం ముందే చెప్పు. దాచడం నాకు నచ్చలేదు.

ఒక్క మాట రాయకుండా ఉండలేను. నేను జగిత్యాలలో డిగ్రీ చదివిన మూడేళ్లూ హాస్టల్ ఖర్చు నువ్వు బీడీలు చుట్టి పంపావు. కొత్త కోడలివి, నీ ఒంటికే సరైన చీర లేదు అప్పుడు. నీకు లెక్కలు చెప్పే ఈ చదువు నీదే. నీ డబ్బు జోలికి వచ్చినప్పుడల్లా నాకు అది గుర్తుకొస్తుంది, అందుకే ప్రతి లెక్కా రెండుసార్లు వేస్తాను.

ఇట్లు,
నీ కల్పన.

కోరుట్ల,
24 జనవరి 2025.

కల్పనకు,

పని అయింది. కానీ అయిన తీరు చెప్తే నువ్వు కడుపు పట్టుకుని నవ్వుతావు.

బ్యాంకులో మేడం ఫారం అందుకుని నన్ను చూసింది, ఫైలు పట్టుకుని నా వెనక నిలబడిన అభినవ్‌ను చూసింది. ఇక ఫారం చదవనే లేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా, "అమ్మా, ఏజెంటు ఎవరు? కంపెనీ కాయితం రాకముందే వీసాకు పైసలు పంపద్దు. మస్తు మంది మోసపోయిండ్రు" అంది. వీసా కాదమ్మా, షేర్లు అన్నాను. ఏజెంటు అట్లా చెప్పమన్నాడా అని అడిగింది. ఆమెను తప్పు పట్టలేను. మన ఊళ్లకు బయటి దేశం నుంచి డబ్బు రావడమే ఆ కౌంటరు చూసింది. ఇక్కడి నుంచి పోయేదేదైనా ఉంటే అది వీసాకే. చివరికి అభినవ్ ఫోను తెరిచి ఫండు చూపిస్తే ఫారం మొత్తం చదివి నవ్వింది. చాయ్ తెప్పించింది. బీడీలు చుట్టిన డబ్బు అమెరికా పోవడం తను మొదటిసారి చూస్తున్నానంది. నా జన్మలో బ్యాంకులో చాయ్ తాగడం కూడా ఇదే మొదలు.

అయితే వరసలో నా వెనక బుగ్గారం నవత ఉంది. మస్కట్‌లో మీ అన్న రూములో ఉండే గణేశ్ భార్య. వీసా అన్న మాట ఒక్కటే ఆమె చెవిన పడింది. "ఏందక్కా, కొడుకును గూడ తోలుతున్నవా" అని అడిగింది. షేర్లని చెప్తే సాయంత్రానికి మస్కట్ చేరుతుంది, మీ అన్నకు నేను ఇంకా చెప్పలేదు. అందుకని ఏదో పని మీద వచ్చామని నవ్వి ఊరుకున్నాను.

అప్పటి నుంచి మన ఇంటికి రోజుకొకరు. ఒకాయన ఎల్లంతకుంటలో ఉండే తన బామ్మర్దికి కూడా వీసా చూడమంటాడు. ఇంకొకామె ఏకంగా కొడుకు ఫోటోలు పట్టుకొచ్చింది. ఎవరికని చెప్పను? పోనీలే, నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారు.

నువ్వు లేకపోతే నేను ఆ బ్యాంకు మెట్లు ఎక్కేదాన్ని కాదు. నీకు ఎంతో రుణపడ్డాను.

నీ వదిన,
ఊర్మిల.

సిరిసిల్ల,
3 ఫిబ్రవరి 2025.

వదినకు,

నిన్న మా అవ్వ మల్లవ్వ ఫోను చేసింది. అభినవ్‌కు మస్కట్ వీసా అయిందని, నువ్వు జగిత్యాల బ్యాంకులో డబ్బు కట్టావని చెప్పింది. ఊరంతా అదే అనుకుంటున్నారట. ఇంట్లో తను అడిగితే అభినవ్‌తో పాటు నువ్వు కూడా కాదనలేదట.

నీ డబ్బు నీ ఇష్టం. ఎటు పెట్టినా అడిగే హక్కు నాకు లేదు. కానీ తన కొడుకు ఆ ఎండల్లో పని చేయకూడదని అన్న ఎన్నిసార్లు అన్నాడో నీకు తెలుసు. ఫండులో పెట్టడానికి మనసు ఒప్పకపోతే ఆ మాటే నాతో అనొచ్చు. బ్యాంకులో చాయ్ తాగిన కథ రాయనక్కరలేదు. నేను ఆ ఉత్తరం మా ఆయన రామస్వామికి చదివి వినిపించి నవ్వాను కూడా.

కల్పన.

కోరుట్ల,
7 ఫిబ్రవరి 2025.

కల్పనా,

ఊరివాళ్లు అనుకున్నారంటే అర్థం ఉంది, నువ్వు కూడానా? ఈ ఉత్తరంతో ఫండు వాళ్ల కాగితం జిరాక్స్ పెడుతున్నాను. నా పేరు, తేదీ చూసుకో. నేను నీకు ఇప్పటివరకు ఒక్క అబద్ధం చెప్పలేదు. నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది, అన్నం తినలేదు. తర్వాత చూస్తే తప్పు నాదే. అత్తమ్మ అడిగినప్పుడు కాదని చెప్తే, మరి డబ్బు ఎందుకు కట్టావని అడుగుతుంది. అందుకని మెల్లగా తప్పించుకున్నాను. నా మౌనం అందరికీ అవునన్నట్టు వినబడింది.

కోపాలకు ఇది సమయం కాదు. మీ అన్న ఫోను చేయడం మానేశాడు. నేను చేస్తే డ్యూటీలో ఉన్నానని పెట్టేస్తున్నాడు. ఏమైందని గణేశ్‌ను అభినవ్ అడిగాడు. నవత జగిత్యాల నుంచి ఇంటికి చేరకముందే గణేశ్‌కు చెప్పిందట. మర్నాడే మీ అన్న మేనేజరు దగ్గరికి పోయి ఇంకో రెండేళ్లు ఉంటానని చెప్పాడట. గణేశ్ ఎందుకన్నా అని అడిగితే, "పోరడు కొత్తగ అస్తడు. ఒక్కడు ఎట్లుంటడు గీడ? రూములో నేనుంటె అన్నమన్న వండిపెడ్త" అన్నాడట.

కల్పనా, ఆ మనిషి నన్ను తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. కొడుకును పంపిస్తున్నానని నా మీద కోపం పెట్టుకుని కూడా, వాడికి అన్నం వండడానికి ఆగిపోతున్నాడు. కొత్త కాంట్రాక్టు మీద ఈ నెలాఖరులో సంతకం. అది పెడితే ఇక రెండేళ్లు కదలనివ్వరు. ఆయనను రప్పించడానికి చేసిన పనే ఆయనను అక్కడ కట్టేస్తోంది.

షేర్లని చెప్తే ఇంకా మండిపడి సంతకం చేస్తాడేమోనని భయం. చెప్పకపోతే కొడుకు కోసం చేస్తాడు. ఏం చేయాలో రాయి.

ఊర్మిల.

సిరిసిల్ల,
10 ఫిబ్రవరి 2025.

వదినా,

ఆ జిరాక్స్ కాగితం నాకు అక్కరలేదు, చింపేశాను. ఊరి మాట విని నీకు అట్లా రాసినందుకు నన్ను క్షమించు. ఇంటికి వచ్చినప్పుడు రెండు దెబ్బలు వేయి, పడతాను.

అన్నకు అన్నీ చెప్పు. డబ్బు పోస్టాఫీసులో లేదని కూడా చెప్పు. సగం చెప్తే మిగతా సగం మళ్లీ ఇంకెవరో కల్పించుకుంటారు. ఈసారి అవ్వను పక్కనే కూర్చోబెట్టుకుని స్పీకరు పెట్టు. ఎదురింటి వాళ్లు విన్నా మంచిదే, నీకు ఇంటికి వచ్చే ఫోటోల బాధ తప్పుతుంది. అభినవ్‌ను వీడియోలో కనబడమను. ఫోను ఎత్తకపోతే గణేశ్‌కు చేసి అన్నను పిలవమను.

షేర్ల మీద కోపం వస్తే నా పేరు చెప్పు. తిట్లు నాకు పంపించు. రేపే మాట్లాడు.

నీ కల్పన.

కోరుట్ల,
17 ఫిబ్రవరి 2025.

చెల్లె లాంటి కల్పనకు,

మాట్లాడాను. నువ్వు చెప్పినట్టే గణేశ్ ఫోనుకు చేశాం. తెరమీద మీ అన్న మొఖం కనబడగానే నేను ఆగకుండా మొదలుపెట్టాను. పీఎఫ్, ఫండ్లు, పదేళ్ల నుంచి నెలనెలా, అమెరికా కంపెనీలు, బ్యాంకు మేడం, నవత, అన్నీ. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు ఉండదు. డబ్బు పోస్టాఫీసులో లేదన్నప్పుడు మీ అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. అదొక్కటి ఇంకా నాకు గుచ్చుకుంటూనే ఉంది.

మీ అన్న అంతా విన్నాడు. షేర్ల మాట ఎత్తనే లేదు. అభినవ్‌ను దగ్గరికి రమ్మని అడిగాడు.

"అయితె నువ్వు అస్తలేవా?"

రావడం లేదు బాపూ, రేపు మల్యాలలో నాలుగు ఇళ్లకు పలకలు బిగించేది ఉంది అన్నాడు వాడు. మీ అన్న కాసేపు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వెనక నుంచి గణేశ్ గొంతు వినబడింది, ఏడుస్తున్నవా అన్నా అని. మీ అమ్మ ఫోను లాక్కుని, "లచ్చయ్యా, గిప్పుడన్న ఇంటికి రా కొడుకా. నేను నిన్ను కండ్లార జూడక ఎన్నేండ్లాయె" అంది. రెండేళ్ల కిందటే సెలవుకు వచ్చాడు, ఆమెకు అది లెక్కలోకి రాలేదు.

మర్నాడు మేనేజరుతో మాట్లాడాడు. ఇంకా సంతకం కాలేదు కాబట్టి పేరు తీసేశారు. మార్చి మూడో వారంలో వస్తున్నాడు. ఈ వాక్యం నా చేత్తో రాస్తానని నేను అనుకోలేదు కల్పనా. నీ చదువుకు నేను పంపినదాన్ని నువ్వు ఎప్పుడూ గుర్తు చేస్తుంటావు. ఇక చేయకు. నువ్వు నాకు చేసిన దానికి అది ఏ మూలకు?

నీ వదిన,
ఊర్మిల.

సిరిసిల్ల,
8 ఏప్రిల్ 2025.

వదినకు,

అన్న వచ్చినప్పుడు రెండు రోజులైనా ఉండలేకపోయాను, యూనిఫాంల ఆర్డరు మీద ఉన్నాం. అన్న బక్కగా అయ్యాడు గాని నవ్వు అట్లాగే ఉంది.

ఇప్పుడు రాయాల్సింది రాయడానికి మనసు రావడం లేదు. అమెరికా సుంకాల గొడవతో అక్కడి టెక్నాలజీ కంపెనీలు బాగా పడ్డాయి. మనం పెట్టి మూడు నెలలు కాలేదు, ఐదో వంతు దాకా పోయినట్టే కనబడుతోంది. నిన్న మన దగ్గరా పడింది. ఒకచోట పడితే ఇంకోచోట నిలబడుతుందని నేనే నీకు చెప్పాను. ఎప్పుడూ అట్లా జరగదని, ఒక్కోసారి అన్నీ కలిసే పడతాయని తెలుసు గాని, నీకు అంత గట్టిగా చెప్పలేదేమో.

లెక్క ప్రకారం భయపడే పని లేదు. మీ నెల ఖర్చు డిపాజిట్‌లోంచే వస్తుంది, దానికి ఏమీ కాదు. అయినా అది నువ్వు మెడ వంచి చుట్టిన డబ్బు. ఇంట్లో ఇప్పుడు అన్న కూడా ఉన్నాడు. సట్టా అన్నవాడు ఆ ఎరుపు చూస్తే నిన్నేమంటాడోనని నాకు దిగులుగా ఉంది. తీసేద్దామంటే చెప్పు, తీసేస్తాను. నీ మనశ్శాంతి కంటే నాకు ఏదీ ఎక్కువ కాదు.

నీ కల్పన.

కోరుట్ల,
14 ఏప్రిల్ 2025.

కల్పనకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందకముందే మీ అన్న ఆ ఎరుపు చూశాడు. మొన్న పొద్దున చాయ్ తాగుతూ అభినవ్ ఫోను తీసుకుని, అమెరికా సంగతి చూపెట్టమన్నాడు. నేను వంటింట్లో పొయ్యి కట్టేసి చెవులు అక్కడే పెట్టాను. ఎంత పెట్టాం, ఎంత ఉంది అని రెండూ అడిగాడు. అభినవ్ చెప్పాడు. ఇక మొదలవుతుంది అనుకుని నేనే బయటికి వచ్చాను. నీ పేరు రాకముందే తప్పు నా మీద వేసుకోవాలని. ఇప్పుడే తీసేయమంటావా అని అడిగాను.

మీ అన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నేను పోయిన కొత్తల రెండేండ్లు ఇంటికి ఏమన్న పంపిన్నా? అంత వీసా అప్పుకే పాయె. గప్పుడు లాస్ అయిందని నన్ను వాపస్ పిలిచినవా? నా మీద ఎట్ల నిలబడ్డవో దీని మీద గూడ గట్లనే నిలబడు."

అనేసి బనియను మీదనే లేచి, మోటారు చూసి వస్తానని పొలం వైపు పోయాడు. ఆయన వెనకే మీ అమ్మ, చెప్పుల్లేకుండా పోతున్నాడని అరుచుకుంటూ.

నేను అక్కడే గడపలో కూర్చుండిపోయాను కల్పనా. ఆ రెండేళ్లు నేను ఎంత ఎదురుచూశానో ఆయనకు తెలుసని నాకు ఇన్నేళ్లూ తెలియదు. ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. ఎందుకు పంపలేదని నేను అడగలేదు, ఎందుకు అడగలేదని ఆయన అనలేదు. ఈ ఫండు ఏడేళ్లకు పెరుగుతుందో లేదో నాకు తెలియదు. నాకు రావాల్సింది మొన్న పొద్దున చాయ్ దగ్గర వచ్చేసింది. నీకు ఎట్లా చెప్పాలో తెలియక, చేతులెత్తి దండం పెడుతున్నాను. చిన్నదాన్నని వద్దనకు.

ఏదీ తీయకు. దిగులు పడకు.

ఇక ఆపుతాను. మీ అన్న పక్కకు వచ్చి కూర్చుని, ఫోను ఉండగా ఈ రాతలెందుకని నవ్వుతున్నాడు. ఏం రాశావో చదవమంటున్నాడు. నేను చదవను, సిగ్గు.

ఇట్లు,
మీ వదిన,
ఊర్మిల.